పిడుగు హెచ్చరిక సరిహద్దు దగ్గర ఆగకూడదు

సంపాదకుల వారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి, ఆంధ్రాలోని పాతపట్నం పేరుకి రెండు రాష్ట్రాల ఊళ్లు. మాకు మాత్రం రోజూ తిరిగే దారి. నేను పర్లాకిమిడిలో దర్జీ పని చేస్తాను. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికీ, అమ్మకి బీపీ మాత్రలు తేవడానికీ మొన్న పాతపట్నం వెళ్లాను. పనులయ్యాక ఎప్పటిలాగే ఆటోల కోసం రోడ్డు పక్క చింతచెట్టు కింద నిలబడ్డాం. నాతోపాటు కూరల తట్టలతో ఇద్దరు ఆడవాళ్లు, సైకిలు మీద ఒక కుర్రాడు.

పొద్దుటినుంచీ ఒకటే ఉక్క. కొండల వైపు నుంచి మబ్బు దిగి, దుమ్ము లేచింది. ఇంకా చినుకు పడలేదు. ఎదురుగా ఎరువుల కొట్టాయన బయటికొచ్చి, "చెట్టు కింద ఉండకండమ్మా, లోనికి రండి. ఆటో తరవాతైనా దొరుకుతాది" అని కేకేశాడు. సైకిలు వదిలి రానన్న కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. మేం బస్తాల మధ్య సర్దుకుని కూర్చున్న కాసేపటికే వెలుగూ చప్పుడూ ఒక్కసారే వచ్చాయి. చింతచెట్టు బెరడు పైనుంచి మొదలు దాకా చీలిపోయింది. పిడుగు వేడికి చెట్టులోని తడి ఒక్క క్షణంలో ఆవిరై అలా చీల్చేస్తుంది. అదే పిడుగు మానులోంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది కూడా. ఆ పెద్దాయన పిలవకపోతే మేం నలుగురం ఆ మాను పక్కనే ఉండేవాళ్లం. ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

తరవాత తెలిసింది, తట్టల ఆడవాళ్లలో ఒకావిడ ఫోనుకి పిడుగు హెచ్చరిక మెసేజి ముందే వచ్చిందని. ఆవిడకి చదువు రాదు. నాది ఒడిశా నంబరు, నాకు ఏదీ రాలేదు. కాబట్టి మా ఇద్దరికీ ఆ హెచ్చరిక అందనట్టే.

తుఫానంటే రోజుల ముందే మైకులు తిరుగుతాయి, బడుల్లో ఆశ్రయం ఇస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని కూడా ముంచింది కాబట్టి తుఫాను సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. పిడుగు అంత వ్యవధి ఇవ్వదు. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అయినా 2023 సెప్టెంబరు 2న రెండు గంటల్లో రాష్ట్రంలో అరవై వేలకు పైగా పిడుగులు పడి పది మందికి పైగా పోయారు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ మనం ఉన్న చోటుని బట్టి హెచ్చరిస్తుంది, దానికి సరిహద్దుతో పనిలేదు. కానీ కూలికి వెళ్లేవాళ్ల చేతిలో ఉండేది బటన్ల ఫోను.

గజపతి, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లను నేను కోరేది ఇది. ఒక వైపు హెచ్చరిక రాగానే రెండో వైపు అధికారులకీ చేరాలి. సంతల్లో, ఆటోలు ఆగే చోట్ల, గుళ్ల మైకుల్లో తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పించాలి. దగ్గర్లోని బడి గదులు, పంచాయతీ కార్యాలయం తలుపులు వెంటనే తీయాలి, ఆఖరి ఉరుము వినపడి అరగంట గడిచేదాకా జనాన్ని అక్కడే ఉంచాలి. ఆటో స్టాండు కొత్తగా ఎక్కడ పెట్టినా పెద్ద చెట్టు కింద పెట్టొద్దు, పక్కా గదికి దగ్గరగా పెట్టండి. వానలు పడి దుక్కులు మొదలైతే పొలాల్లో జనం పెరుగుతారు. ఈ ఏర్పాటు అంతకు ముందే జరగాలి.

— ఒక దర్జీ, పర్లాకిమిడి, గజపతి జిల్లా