కొల్లాపూర్ ఓట్లను తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకునికి,

2023 అసెంబ్లీ ఎన్నికల్లో కొల్లాపూర్‌లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డ కర్నె శిరీష (బర్రెలక్క) డిపాజిట్ పోయిందని ఇప్పటికీ కొందరు తీసిపారేస్తుంటే బాధేస్తోంది. డిగ్రీ చదివినా ఉద్యోగం రాక బర్రెలు కాస్తున్నానంటూ వీడియో పెట్టిన ఆమె, ఈల గుర్తుతో ఊరూరా తిరిగి నిరుద్యోగుల గోడు వినిపించారు. ప్రచారంలో తమ్ముడిపై దాడి జరిగింది. ఆమెకు భద్రత కల్పించమని హైకోర్టే చెప్పాల్సి వచ్చింది. అంత టెన్షన్‌లోనూ ఆమె బరిలోనే ఉన్నారు, 5,754 ఓట్లు వచ్చాయి. పార్టీ జెండా, డబ్బు సంచులు లేకుండా పడ్డ ఓట్లవి!

అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. సామాన్యులకు అదే అందని మొత్తం. వచ్చే ఎన్నికల్లోనైనా ఇండిపెండెంట్ల హామీలు, అఫిడవిట్ల వివరాలు పెద్ద పార్టీల వాళ్లతో సమానంగా మీ జిల్లా పేజీలో వేయండి.

– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా