నా ఫస్ట్ ట్రాక్ వెనుక ఉన్నోళ్లందరికీ శనార్తులు

నిన్న రాత్రి నా ఫస్ట్ ర్యాప్ ట్రాక్ యూట్యూబ్‌ల పెట్టిన, పొద్దుగాల లేచేసరికి ఫోన్ నిండ మెసేజ్‌లే, మస్తు సంబురమైంది, కానీ ఆ పాట నా ఒక్కనిది కాదు, ఎవరెవరి చెయ్యి ఉన్నదో చెప్పకుంటే నాకు బుక్కెడు బువ్వ లోపలికి పోదు, అందుకే రాస్తున్న.

2023 జులై వరదల సంగతి వరంగల్, హన్మకొండోళ్లకు నేను చెప్పే పని లేదు. మా రూమ్ లోతట్టు కాలనీల, గ్రౌండ్ ఫ్లోర్. తెల్లారేసరికి మోకాలు దాటి నీళ్లు, లాప్‌టాప్, సౌండ్ కార్డు, కేటరింగ్ పనులకు పోయి కూడబెట్టి కొన్న మైకు అన్నీ మునిగినయి. మైకు విప్పి ఎండకు పెట్టిన, జాలీ నిండ ఒండ్రు, ఇగ అది పలుకలే. తర్వాత ఏడాది పైన నేను ఒక్క లైన్ రాయలే.

మల్ల మొదలువెట్టించింది మా మైక్‌సెట్ అన్న. బతుకమ్మకు, పెండ్లిళ్లకు సౌండ్ పెట్టే మనిషి, తన మైకొకటి, చిన్న మిక్సర్ తెచ్చిచ్చి "పైసల ముచ్చట తర్వాత, ముందుగాల నువ్వు పాడు తమ్మీ" అన్నడు. అన్నా, నీకు దండం.

ఇగ రికార్డ్ చేస్తే రూమంత ఎకో. ఉత్త గోడలకు గొంతు తగిలి మల్ల మైకులకే వస్తది. ఇది తెలిసి, వరంగల్ కొత్తవాడల మగ్గం నేసే మా పెద్దనాయన, అంచు కాడ పోగు తెగి అమ్ముడుపోని జంపఖానలు నాలుగు బండి మీద ఏస్కొని వచ్చిండు. మన వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానలకే, 2018ల జీఐ ట్యాగ్ (ఫలానా జాగల తయారైన సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని అందరికి ఎరుకే, అవి నేసే చేతులతోనే మేకులు కొట్టి గోడలకు మూడు, తలుపుకు ఒకటి కట్టిండు. చప్పట్లు కొట్టి చూసిన. అంతకుముందు గంగాళంల కొట్టినట్టు మోగేది, ఇప్పుడు టప్ మని అక్కడనే సచ్చిపోయింది. నేను పాడుతుంటే స్టూల్ మీద కూసోని విని "ఇది మా మగ్గం నడిచినట్టే ఉన్నది బిడ్డా" అన్నడు. తెల్లారే పోయి మగ్గం చప్పుడు ఫోన్‌ల రికార్డ్ చేసిన, ట్రాక్ మొదట్ల వినవడే టక్కు టక్కు అదే. 1973ల న్యూయార్క్ బ్రాంక్స్‌ల డీజే కూల్ హెర్క్ రెండు టర్న్‌టేబుళ్ల (రికార్డులు తిప్పే మిషన్ల) మీద పాత రికార్డుల్లకెల్లి డ్రమ్ముల ముక్కనే తిప్పి తిప్పి వాయించిండు, హిప్ హాప్ పుట్టిందే చేతికందిన చప్పుడుతోని, మరి నా చేతికి అందింది ఇదే.

అంతకుముందు ఒకరు ఎక్స్‌క్లూజివ్, అంటే ఇంకెవ్వరికీ ఇయ్యం అని పైసలు తీస్కొని బీట్ (పాట ఎనక మోగే మ్యూజిక్) అమ్మిన్రు, చూస్తే అదే బీట్ మీద ఇంకో ముగ్గురి పాటలున్నయి. కాజీపేట తమ్ముడు రెండు రాత్రులు నిద్ర ఆపుకొని ఆ మగ్గం చప్పుడు మీదనే కొత్త బీట్ కట్టిండు, రూపాయి ముట్టలే.

మా తెలుగు సారుకు ఎట్ల చెప్పాలె థ్యాంక్స్. నా లిరిక్ చూసి, నువ్వు చివర్ల కలుపుతున్నది అంత్యప్రాస, మన పాల్కురికి సోమన ద్విపదల (రెండు లైన్ల పద్యంల) ప్రతి లైన్ రెండో అక్షరం కలుస్తది, రెండూ పట్టుకో అన్నరు. 90 బీపీఎంల, అంటే నిమిషానికి 90 దెబ్బల స్పీడుల, నాలుగు దెబ్బలకొకటి లెక్కన 16 బార్లంటే 43 సెకండ్లు కూడా ఉండయి, ఊపిరాడక లైన్లు మింగుతుంటి, సారు పెన్సిల్ తోని ఊపిరి తీసే కాడల్లా చిన్న గీతలు పెట్టిచ్చిన్రు. ఆ కాయితం గోడకే ఉన్నది.

పెద్దనాయనా, జంపఖానలు తెచ్చిస్త అంటే వద్దన్నవు గదా, రెండో పాట గూడ వాటి నడుమనే పాడుతున్న. ఆదివారం మగ్గం కాడికి వస్త, ఈసారి పెద్దమ్మ రాట్నం చప్పుడు కావాలె.