దత్త మండలాల వెనక ఖర్దా కథ

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మా అమ్మాయి పరీక్షకి చదువుతూ "1800లో నిజాం దత్త మండలాలను ఇంగ్లీషు వాళ్ళకిచ్చాడు" అని వల్లె వేస్తుంటే, ఎందుకిచ్చాడమ్మా అని అడిగాను. పుస్తకంలో అంతే ఉంది నాన్నా అంది. చూస్తే నిజంగానే అంతే ఉంది. అనంతపురంలో పుట్టిన పిల్లకి తన నేల చేతులు మారిన కథ ఒక్క వాక్యమేనా?

దానికి ముందు ఖర్దా యుద్ధం ఉంది. చౌత్ (శిస్తులో నాలుగో వంతు కప్పం) బకాయిలు కట్టమని మరాఠాలు మీదికొస్తుంటే నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీ సాయం కోరాడు. గవర్నర్ జనరల్ జాన్ షోర్ మేం తటస్థం అన్నాడు, పైగా నిజాం ఖర్చులు భరించి దగ్గర పెట్టుకున్న కంపెనీ పటాలాలు కూడా మరాఠాల మీదికి కదలడానికి వీల్లేదన్నాడు. డబ్బు మనది, తుపాకీ ఎటు తిప్పాలో చెప్పేది వాళ్ళు! 1795 మార్చిలో ఖర్దా దగ్గర నిజాం ఓడిపోయాడు. దౌలతాబాద్ కోట పోయింది, కోట్ల రూపాయల పరిహారం నెత్తిన పడింది, దివాన్ అరిస్తూ జా బందీగా పూణే వెళ్ళాడు.

ఆ దెబ్బతో నిజాం ఇంగ్లీషు పటాలాలను పంపేసి, ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని పెంచుకున్నాడు. నన్నడిగితే అది సరైన పనే. కానీ కొడుకు అలీ జా తిరగబడేసరికి టెన్షన్ పడి ఆ ఇంగ్లీషు పటాలాలనే మళ్ళీ పిలిచాడు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. మలక్‌పేట వైపు గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది, పక్కనున్న రాతి స్తంభం మీద జె.ఆర్. అనే అక్షరాలు కనిపిస్తాయి. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఒప్పందం రాయించుకుని, అక్టోబరులో ఫ్రెంచి దళం ఆయుధాలు దింపించాడు. నిజాంకి మిగిలింది 6,000 మంది కంపెనీ సిపాయిలు, ఏడాదికి 24 లక్షల పైచిలుకు ఖర్చు.

రెండేళ్ళకి ఇంకా సైన్యం కావాల్సొచ్చింది. ఆ ఖర్చు కింద, టిప్పు మీద యుద్ధాల్లో వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో చాలా భాగం కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్త మండలాలు. మా రైతుల శిస్తు లెక్కలు కంపెనీ కలెక్టర్ థామస్ మన్రో చేతికెళ్ళాయి.

నిజాం పిరికివాడు, మమ్మల్ని అమ్మేశాడు అని మా వైపు అంటుంటారు. నేనలా అనుకోను, పక్కవాడి భయంతో తన మాట వినని సైన్యానికి డబ్బు కట్టడమే ఆయన చేసిన తప్పు. కాబట్టి పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా విన్నపం: ఆ పాఠంలో ఖర్దా గురించి ఒక్క పేజీ, పక్కన ఒక మ్యాప్ పెట్టండి.

- ఒక పాఠకుడు, అనంతపురం