ఎక్స్‌బాక్స్ డిస్కులు ఇకమీదట అడ్వాన్సు ఇస్తేనే

షాపుకు వచ్చి ఖాళీ చేతులతో తిరిగి వెళ్లకుండా ముందే చెప్పేస్తున్నాను. వచ్చే నెల నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ మెషీన్ (కన్సోల్) ఎక్స్‌బాక్స్‌కు కొత్త గేమ్‌ల డిస్కులు స్టాకు పెట్టడం లేదు. ఎవరికైనా కావాలంటే అడ్వాన్సు తీసుకుని తెప్పిస్తాను. సోనీ వాళ్ల కన్సోల్ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) డిస్కులు మామూలుగానే దొరుకుతాయి.

"ఎక్స్‌బాక్స్ పని అయిపోయిందా అన్నా?" అని అడుగుతున్నారు. గేమ్‌లు ఆగలేదు, డిస్కులే తగ్గుతున్నాయి. ఫైనల్ ఫాంటసీ 16 అనే గేమ్ సంగతే చూడండి. 2023 జూన్‌లో పీఎస్5కి మాత్రమే వచ్చింది. మొదటి వారంలోనే 30 లక్షల కాపీలు వెళ్లాయి. మనలాంటివాళ్లకు అది సూపర్‌హిట్టే. లాభం మాత్రం అనుకున్నంత రాలేదని దాన్ని తీసిన జపాన్ కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ వాళ్లే చెప్పారు. ఏళ్ల తరబడి వందల మందికి జీతాలిచ్చి తీసిన గేమ్‌ను ఒక్క కన్సోల్ ఉన్నవాళ్లకే అమ్మితే ఎలా గిట్టుతుంది? సోనీకైతే గిట్టుతుంది. కన్సోల్ వాళ్లదే, వాళ్ల స్టోర్‌లో ఎవరి గేమ్ అమ్ముడైనా సుమారు 30 శాతం కమీషన్ వాళ్లకే. స్క్వేర్ ఎనిక్స్ లాంటి, గేమ్‌లు మాత్రమే అమ్ముకునే పబ్లిషర్‌కు ఆ కమీషన్ రాబడి ఎక్కడిది?

2024 ఏప్రిల్‌లో స్క్వేర్ ఎనిక్స్ తయారీలో ఉన్న కొన్ని గేమ్‌లను వదిలేసి, దాదాపు 2,210 కోట్ల యెన్‌ల నష్టం రాసుకుంది. మే నెలలో ఇక పెద్ద గేమ్‌లు అన్ని కన్సోళ్లకూ ఇస్తామని ప్రకటించింది. ఆ ఫైనల్ ఫాంటసీ 16 కూడా 2024 సెప్టెంబరులో పీసీకి, 2025 జూన్‌లో ఎక్స్‌బాక్స్‌కి వచ్చింది. ఎక్స్‌బాక్స్‌లో డౌన్‌లోడ్ మాత్రమే! గేమ్ వచ్చింది, నాకు అమ్ముకోవడానికి ఏమీ రాలేదు. సొంత కన్సోల్ ఉన్న మైక్రోసాఫ్టే తన కార్ల రేసు గేమ్ ఫోర్జా హొరైజన్ 5ని 2025 ఏప్రిల్‌లో పీఎస్5కి ఇచ్చిందంటే లెక్క ఎటు తిరిగిందో అర్థం చేసుకోండి.

దాచడం ఎందుకు, కొత్త డిస్కు మీద నాకు మిగిలేది చాలా తక్కువ. షాపు అద్దె కడుతున్నది పాత డిస్కుల కొనుగోలు, అమ్మకమే. మొన్న ఒకతను అమ్ముతానని తెచ్చిన బాక్సు తెరిస్తే లోపల డిస్కు లేదు, గేమ్ డౌన్‌లోడ్ చేసుకునే కోడ్ ఉన్న చీటీ ఒక్కటే ఉంది. ఆ కోడ్ అప్పటికే వాడేశాడు. దాన్ని ఎవరు కొంటారు? కొనేముందు బాక్సు మీది చిన్న అక్షరాలు చదవండి. లోపల డిస్కు లేకపోతే అక్కడే రాసి ఉంటుంది.

ఒక్క పబ్లిషర్ గేమ్ కోసం రెండో కన్సోల్ కొనాలనుకునేవాళ్లు కాస్త ఆగండి. ఏడాది, రెండేళ్లకు ఆ గేమ్ మీ దగ్గరున్నదానికే రావచ్చు. నా బేరం నేనే చెడగొట్టుకుంటున్నానని మా ఆవిడ అంటోంది, అననివ్వండి. సోనీ సొంత గేమ్‌లే కావాలంటే మాత్రం పీఎస్5 తీసుకోండి. వాటిలో కొన్ని పీసీకి ఆలస్యంగా వస్తాయి, కొన్ని అసలు రావు.

షెల్ఫులో మిగిలిన ఎక్స్‌బాక్స్ డిస్కులు ఈ నెలాఖరు దాకా సగం ధరకే ఇస్తాను. ఎక్స్‌బాక్స్‌లోనే సిరీస్ ఎస్ మోడల్ ఉన్నవాళ్లు ధర చూసి తొందరపడకండి, దానికి డిస్కు పెట్టే చోటే లేదు.