ఈ సీజన్‌లో దగ్గరి హైడ్ ఉండదు, కారణం ఇదీ

బాతులను చూడటానికి మా దగ్గరికి ఏటా వచ్చే అందరికీ నమస్కారం.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. కుంట ఉత్తరపు గట్టు మీద, తుంగ పక్కన, పక్షులకు కనబడకుండా లోపల కూర్చుని చూసేందుకు వేసే గుడ్డ గుడారం, అంటే దగ్గరి హైడ్‌ను ఈ సీజన్‌లో వేయడం లేదు. దాని కోసమే బుక్ చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. సెలవులు పెట్టుకున్నవాళ్లు, పెద్ద లెన్సు అద్దెకు మాట్లాడుకున్నవాళ్లు కూడా ఉన్నారని నాకు తెలుసు. రెండు లైన్ల మెసేజ్‌తో సరిపెట్టడం నాకు నచ్చలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. ఉదయపు నడకలు, దక్షిణపు గట్టు మీది దూరపు హైడ్, బాతు పిల్లలు నీళ్లలోకి దిగాక చూసే ట్రిప్పులు అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి.

ఇదంతా హైడ్ గుడ్డతో మొదలైంది. పాత గుడ్డ ఎండకీ వానకీ చీకిపోయింది. కుంటలోకి నీళ్లు రావడానికి చాలా ముందే, బాతులు ఇంకా జతలు కట్టకముందే కొత్తదానికి ఆర్డర్ ఇచ్చి అడ్వాన్సు కూడా కట్టాం. ఏం కావాలో కాగితం మీద రాసి, పాత గుడ్డ ముక్క కత్తిరించి శాంపిల్‌గా ఇచ్చాం. బాతు కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. కాబట్టి గుడ్డ మెరవకూడదు. గాలికి టపటపా కొట్టుకోకూడదు. వెనకవైపు నుంచి వెలుతురు లోపలికి రాకూడదు, వచ్చిందంటే లోపల కూర్చున్న మనిషి ఆకారం కిటికీలో కనబడుతుంది, చెయ్యి కదిపినా పక్షికి తెలిసిపోతుంది. అందుకే లోపలి అస్తరు నల్లగా ఉండాలి, కుట్లు బిగువుగా ఉండాలి, కిటికీ రెప్ప కింద నుంచి కట్టుకునేలా ఉండాలి. ఇవన్నీ కుట్టేవాళ్లకి కొత్త విషయాలు కావు, వాళ్లే ముందోసారి మాకు కుట్టి ఇచ్చారు.

"వచ్చే వారం ఇచ్చేస్తామండీ" అన్నారు. ఆ మాట ఎన్ని వారాలు విన్నామో! వర్షాలు పడ్డాయి, కుంట నిండింది, తుంగ పచ్చబడింది, అప్పుడు పార్శిల్ వచ్చింది. విప్పి చూస్తే లేత ఆకుపచ్చ నైలాన్. ఎండలో తళతళలాడుతోంది. తెల్ల దారంతో కుట్టారు. అస్తరే లేదు. ఫోన్ చేసి అడిగితే అవతలి పెద్దమనిషి "బాతులకి రంగులేం తెలుస్తాయండీ, గుడ్డ గుడ్డే కదా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. డబ్బు తీసుకుని పని చెడగొట్టడం ఒక ఎత్తు, మా పనే పిచ్చిపని అన్నట్టు మాట్లాడటం ఇంకో ఎత్తు. అదే గుడ్డ వేసి నడిపించెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. వేయను. తిప్పి పంపాం. రెండోసారి అడిగినట్టే వచ్చింది, మంచి గుడ్డే. కానీ అప్పటికే మా కుంటలో గూడు పెట్టే స్పాట్ బిల్ అనే రకం బాతు గుడ్లు పెట్టడం మొదలుపెట్టేసింది.

గూడు చూడకుండానే ఆ సంగతి ఎలా తెలిసిందని కొందరు అడిగారు. గూడు వెతకాల్సిన పనే లేదు, నీళ్లను చూస్తే చాలు. అప్పటిదాకా జతగా తిరిగిన బాతుల్లో ఒకటి పొద్దున పూట తుంగలోకి వెళ్లి కాసేపు కనబడకుండా పోతుంది. రెండోది గట్టు దగ్గర ఒకే చోట మెడ ఎత్తి కాపలా ఉన్నట్టు నిలబడుతుంది. ఆడది తిరిగొచ్చాక రెండూ కలిసి మేతకు పోతాయి. రోజుకో గుడ్డు పెట్టే రోజుల్లో వరసగా ఇదే జరుగుతుంది. గుడ్లన్నీ పెట్టాక ఆడది పూర్తిగా గూట్లో కూర్చుంటుంది, పొద్దునా సాయంత్రం కాసేపు మాత్రం బయటికి వస్తుంది. ఆ కాసేపట్లో అది తినే తీరు చూడాలి! ఆదరాబాదరా మేసి, రెండు మునకలు వేసి, రెక్కలు విదిలించుకుని వెళ్లిపోతుంది. నేరుగా గూటి మీద వాలదు. దూరంగా దిగి, గడ్డిలోంచి నడుచుకుంటూ పోతుంది. గూడు ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదన్నదే దాని జాగ్రత్త.

ఇక నిర్ణయం దగ్గరికి వస్తాను. నాకు నిద్ర లేకుండా చేసింది ఇదే. గుడ్డ చేతిలో ఉంది, బుకింగులు నిండి ఉన్నాయి, బాతు గుడ్ల మీద ఉంది.

ఒక దారి, రాత్రికి రాత్రి హైడ్ నిలబెట్టేయడం. అది ఎక్కువసేపు ఆలోచించాల్సిన దారి కాదు. గూటి చోటు ఎంచుకోకముందు నుంచీ ఉన్న హైడ్‌ను బాతు ఆ గట్టులో భాగంగానే తీసుకుంటుంది, దాని పక్కనే గూడు పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు. గుడ్లు పెట్టాక ఉన్నట్టుండి పుట్టుకొచ్చిన హైడ్ దానికి ఒక పెద్ద జంతువు కింద లెక్క.

రెండో దారి, దూరంగా నిలబెట్టి రోజుకు కొంచెం చొప్పున దగ్గరికి జరపడం. అనుభవం ఉన్న పక్షి ఫోటోగ్రాఫర్లు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఇది, తప్పు పద్ధతి అనను. మా టీమ్‌లో ఇద్దరు దీనికే మొగ్గారు. నేనూ ఒక దశలో ఒప్పుకున్నంత పని చేశాను. కానీ గుడ్లు పెట్టే రోజుల్లో, పొదగడం మొదలైన కొత్తలో బాతు గూడు వదిలేయడం చాలా తేలిక. అప్పటికి అది ఆ గూటి మీద పెట్టిన శ్రమ తక్కువ, వేరే చోట మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఇంకా ఉంటుంది. పొదిగే రోజులు గడిచేకొద్దీ అది గూటిని అంటిపెట్టుకుంటుంది. అంటే మేం హైడ్‌ను జరపాల్సిన రోజులూ, అది గూడు విడిచిపోయే ప్రమాదం ఎక్కువున్న రోజులూ ఒకటే.

మూడో దారి, పొదగడం చివరికొచ్చేదాకా ఆగి అప్పుడు వేయడం. వినడానికి ఇదే బాగుంటుంది. లెక్క వేస్తే మిగిలేది ఏమీ లేదు. ఈ బాతు పొదిగేది సుమారు 24 నుంచి 28 రోజులు. చివర్లో హైడ్ వేసి, దానికి అలవాటయ్యేదాకా ఆగితే పిల్లలు బయటికి వచ్చేస్తాయి. గుడ్లన్నీ పెట్టాకే తల్లి పూర్తిగా పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి పిల్లలన్నీ దాదాపు ఒకేసారి పుడతాయి. తడి ఆరగానే, ఒక రోజు లోపే, తల్లి వాటిని నీళ్లలోకి తీసుకుపోతుంది. ఆ తర్వాత మీరు ఖాళీ గూటి ముందు కూర్చుంటారు. పైగా ఆ చివరి రోజులే మరీ సున్నితం. గుడ్డు లోపలి నుంచే పిల్లలు కూస్తాయి, తల్లి బదులు పలుకుతుంది. పుట్టిన కొద్ది గంటల్లో పిల్ల తన తల్లి ఎవరో గుర్తు పెట్టుకుంటుంది. పుట్టగానే కళ్లముందు కదిలినదాని వెంటపడే ఈ గుణం గురించి కోన్రాడ్ లోరెంజ్ 1935లోనే వివరంగా రాశాడు. ఆ గంటల్లో తల్లిని గూటి మీంచి లేపడమంటే నాకు చేతులు రావు.

గూటి మీంచి లేచిపోతే ఏమవుతుంది, మళ్లీ వస్తుంది కదా అంటారు. చాలాసార్లు వస్తుంది కూడా. అయితే తనంతట తాను మేతకు వెళ్లేటప్పుడు తల్లి, తన రొమ్ము నుంచి పీకిన మెత్తటి నూగు ఈకలతో గుడ్లు కప్పి మరీ వెళ్తుంది. దానివల్ల వెచ్చదనం నిలుస్తుంది, గుడ్లు పైకి కనబడవు. బెదిరి లేచినప్పుడు కప్పే తీరిక ఉండదు. పైన కాకి చూస్తూనే ఉంటుంది. మనం తొక్కిన గడ్డి బాట పట్టుకుని కుక్కో ముంగిసో రావడానికి ఎంతో సేపు పట్టదు. ఇన్ని గుడ్లు, ఇన్ని రోజుల ఓపిక ఒక్క పొద్దుటితో పోతాయి.

అందుకే నాలుగో దారి. గుడ్డను మడిచి లోపల పెట్టేశాం.

మనసుకి కష్టమనిపించిన మాట ఒకటుంది, అదీ రాస్తాను. "మీకు చూపించడం చేతకాక కబుర్లు చెబుతున్నారు, వేరేవాళ్లు గూటి దగ్గరికే తీసుకెళ్లి చూపిస్తున్నారు" అని ఒకరు మెసేజ్ పెట్టారు. రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోతున్న బాతు వీడియో కూడా దానికి జత చేశారు. ఆ వీడియోలో బాతు చేస్తున్నది ఏమిటో ఆయనకి తెలియకపోవచ్చు. మనిషి తన గూటికో పిల్లలకో మరీ దగ్గరగా వచ్చాడని, ఎలాగైనా అతన్ని తన వెంట పక్కకి లాక్కుపోవాలని తల్లి పడే తాపత్రయం అది. అలాంటి వీడియో మా కస్టమర్ల ఫోన్లలో ఒక్కటి కూడా లేదు. ఇన్నేళ్ల మా పనిలో నేను అన్నిటికంటే గర్వపడేది దానికే. చేతకాదన్న మాట మాత్రం ఒప్పుకోను. ఏ బాతు ఎప్పుడు గుడ్లు పెట్టిందో గూడు తాకకుండా చెప్పగలిగినవాళ్లం మేం.

దూరపు హైడ్‌కి మారేవాళ్లకి అక్కడ ఏం దొరుకుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని రెండో రకం సీటుగా చూడటం నాకు నచ్చదు. గూటి మీద కూర్చున్న బాతు ఫోటో బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది గంటల తరబడి కదలదు. అసలు చూడాల్సింది పిల్లలు నీళ్లలోకి దిగాకే మొదలవుతుంది. స్కోపులో, అంటే దూరపువాటిని దగ్గరగా చూపే దుర్బిణిలో, వాటి వయసు లెక్కకట్టడం మీకు నేర్పిస్తాం. గోలప్, మార్షల్ అనే ఇద్దరు జీవశాస్త్రవేత్తలు 1954లో రాసిపెట్టిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒళ్లంతా నూగు మాత్రమే ఉంటే మొదటి దశ. నూగు మధ్య ఈకలు కనబడితే రెండోది. ఈకలన్నీ వచ్చి ఇంకా ఎగరలేకపోతే మూడోది. మల్లార్డ్ అనే రకం బాతు పిల్లల్లో మొదటి దశ సుమారు 18 రోజుల దాకా, రెండోది 45 దాకా నడుస్తుంది, 50 నుంచి 60 రోజుల మధ్య ఎగురుతాయి. మన స్పాట్ బిల్ దానికి దగ్గరి చుట్టమే కాబట్టి ఆ అంచనా ఇక్కడా పనికొస్తుంది. పిల్లల వయసు తెలిస్తే అవి సుమారుగా ఏ రోజున పుట్టాయో, తల్లి గుడ్లు ఎప్పుడు పెట్టిందో వెనక్కి లెక్కేసుకోవచ్చు.

మొదటి వారాల్లో పిల్లలు ఏం తింటాయో చూడండి. నీళ్ల మీద ఈగలు, దోమలు వాలినచోట చిన్న ముక్కు పెట్టి టకటకా ఏరుకుంటాయి. ఎదిగే ఒంటికి కావల్సిన ప్రొటీన్ అంతా ఆ పురుగుల్లోనే ఉంది. కుంటలో నాచు తీయించి, తుంగ కొట్టించి "నీటుగా" చేస్తే ఫోటోలు బాగా వస్తాయని అడిగినవాళ్లకి నా జవాబు ఇదే. తుంగ పోతే దాక్కునే చోటూ పోతుంది, తిండీ పోతుంది. బ్రెడ్డు ముక్కలూ వద్దు, బియ్యం చల్లి దగ్గరికి రప్పించడమూ వద్దు.

దక్షిణపు గట్టు మీది మోడు చెట్టు తొర్రలో ఈల బాతులు కూడా ఉన్నాయి. వీటిలో ఆడా మగా రెండూ పొదుగుతాయి, సాయంత్రం పూట మారేటప్పుడు మీరే చూడొచ్చు. దూరపు హైడ్ నుంచి ఆ తొర్ర బాగా కనబడుతుంది, వాటికి మన వల్ల ఇబ్బంది లేదు.

సీజన్ చివర్లో కుంట ఖాళీ అయినట్టు అనిపించినా కంగారు పడకండి. బాతులు ఏటా రెక్కల పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాల్చుకుంటాయి, మూడు నాలుగు వారాలు ఎగరలేవు. అప్పుడు తుంగలోంచి బయటికి రావు. ఆ వారాల్లో పడవ నీళ్లలోకి దించం, ఎవరడిగినా.

లొకేషన్ మాత్రం ఫోటోల కింద పెట్టకండి. ఫోన్‌లో బాతు కూత పెట్టడం, డ్రోన్ ఎగరేయడం ఎప్పట్లాగే కుదరవు.

దగ్గరి హైడ్‌కి కట్టిన డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం, కారణం చెప్పక్కర్లేదు. దూరపు హైడ్‌కి మారితే మిగిలిన తేడా ఇస్తాం. వచ్చే సీజన్ దాకా ఆగుతానన్నవాళ్లకి ఇప్పుడున్న వరస ప్రకారమే మొదటి సీట్లు ఉంటాయి. కొత్త గుడ్డ మా దగ్గరే ఉంది కాబట్టి వచ్చేసారి కుంటలోకి నీళ్లు రాకముందే హైడ్ నిలబెట్టేస్తాం. దాని పక్కన బాతు గూడు పెడుతుందా లేదా అన్నది మాత్రం నేను మాట ఇవ్వలేను. ఏది కావాలో ఈ వారంలోగా ఫోన్ చేసి చెప్పండి, నేనే మాట్లాడతాను.