చేపపిల్ల మెదడు వార్తల్లో రెండు వివరాలు ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మెదడు జబ్బులకు సంబంధించిన జన్యువొకటి జీబ్రాఫిష్ అనే చిన్న ప్రయోగశాల చేపలో బయటపడిందన్న వార్త వచ్చినప్పుడల్లా, శీర్షికలో మందే దొరికినంత ఉత్సాహం కనిపిస్తుంది. ఆ చేప వయసెంతో, జన్యువును ఏ పద్ధతిలో పనిచేయకుండా చేశారో మాత్రం చాలా వార్తల్లో ఉండదు. మైక్రోగ్లియా మీద జరిగే పరిశోధనల విషయంలో ఈ రెండూ తెలియకపోతే పాఠకుడు వార్తను తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మైక్రోగ్లియా మెదడులో స్థిరపడిన రోగనిరోధక కణాలు. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా 1919లో వీటిని తక్కిన మెదడు కణాల నుంచి వేరుచేసి చూపించారు. ఇవి మెదడులో పుట్టినవి కావు. పిండదశలో పచ్చసొన సంచి దగ్గర పుట్టి, అక్కడి నుంచి మెదడుకు వలస వస్తాయి. తల్లి గర్భంలో జరిగే ఆ వలసను ఎలుకలో కళ్లారా చూడటం చాలా కష్టం. జీబ్రాఫిష్ గుడ్డు తల్లి శరీరం బయటే పెరుగుతుంది, పిల్ల గాజులా పారదర్శకంగా ఉంటుంది, పైగా ఒక్క జత ఒకే ఉదయం వంద, రెండు వందల గుడ్లు పెట్టగలదు.

నాలుగు రోజుల చేపపిల్ల పొడవు సుమారు నాలుగు మిల్లీమీటర్లు. అది ఈదే నీటిలో న్యూట్రల్ రెడ్ అనే రంగు కలిపి కొన్ని గంటలు వదిలేస్తే, మైక్రోగ్లియా ఆ రంగును తమలోని ఆమ్ల సంచుల్లో పోగుచేసుకుంటాయి. అప్పుడు మైక్రోస్కోపు కింద రెండు నల్లని కళ్ల నడుమ, నడిమెదడు పైకప్పులో, ఎర్ర సిరా చిలకరించినట్టు చుక్కలు కనబడతాయి. ఆ చుక్కలు లేని పిల్లలను ఏరి, వాటిలో ఏ జన్యువు చెడిందో వెతకడం ఈ రంగంలో ఒక ముఖ్యమైన పద్ధతి. చుక్క లేదంటే కణం లేదని తేల్చేయడానికీ లేదు: రాగ్-ఎ అనే జన్యువు చెడిన చేపల్లో మైక్రోగ్లియా ఉంటాయి గానీ, మింగినదాన్ని జీర్ణం చేసుకోలేవు, రంగునూ సరిగా పట్టవు.

ఈ పద్ధతి బలమూ పరిమితీ రెండూ, మైక్రోగ్లియాకు అవసరమైన సీఎస్ఎఫ్1ఆర్ అనే జన్యువులో కనిపిస్తాయి. ఇది చెడిన 'పాంథర్' చేపలకు పసుపు రంగు కణాలు ఏర్పడక చారలు చెదిరిపోతాయి. 2001లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఎర్బొమెల్ బృందం ఆ చేపపిల్లల్లోనే, మెదడుకు వెళ్లవలసిన కణాలు పచ్చసొన దగ్గరే నిలిచిపోతున్నాయని చూపింది. మనుషుల్లో ఇదే జన్యువు ఒక ప్రతిలో దోషం ఉంటే, నడివయసులో మెదడులోని తెల్ల పదార్థం క్షీణించే జబ్బు వస్తుంది. రెండు ప్రతుల్లోనూ దోషం ఉన్న పసివారి మెదడులో మైక్రోగ్లియా దాదాపు లేవని 2019లో వెల్లడైంది. చేప చెప్పినదానికీ మనిషిలో కనబడినదానికీ ఇంత దగ్గరి పోలిక దొరకడం అరుదు.

అయితే పూర్వం చేపల జన్యుసముదాయం ఒకసారి రెట్టింపైనందువల్ల, వాటిలో ఈ జన్యువుకు ఎ, బి అని రెండు రూపాలున్నాయి. ఎ రూపం ప్రధానంగా పిల్లదశ కణాలకు, బి రూపం పెద్ద చేప కణాలకు అవసరం. ఎందుకంటే చేపలో మొదటి తరం మైక్రోగ్లియా క్రమంగా తొలగి, రక్తమూలకణాల నుంచి వచ్చిన మరో తరం వాటి స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఎలుకలో పిండదశలో వచ్చినవే జీవితాంతం కొనసాగుతాయి. అల్జీమర్స్ వృద్ధాప్యపు జబ్బు. నాలుగు రోజుల చేపపిల్లలో కనబడిన ఫలితాన్ని దానికి నేరుగా ముడిపెట్టే వార్త, ఈ తేడాను చెప్పకుండా రాయకూడదు.

రెండో వివరం పద్ధతి. జన్యువును శాశ్వతంగా మార్చడం వేరు, మార్ఫోలినో అనే కృత్రిమ అణువును గుడ్డులోకి ఎక్కించి కొన్ని రోజులపాటు అణచడం వేరు. మార్ఫోలినోతో కనబడిన లోపాలు, అదే జన్యువును శాశ్వతంగా చెరిపిన చేపల్లో చాలాసార్లు కనబడలేదని 2015లో ఒక విస్తృత పరిశీలన తేల్చింది. కొన్నిసార్లు చెరిపిన చేపే తక్కిన జన్యువులతో లోటు పూడ్చుకుంటుంది గనుక, తప్పంతా మార్ఫోలినోదే అనడమూ న్యాయం కాదు. కానీ మైక్రోగ్లియా విషయంలో అదనపు చిక్కుంది: మార్ఫోలినో విషప్రభావం వల్ల కొన్ని నాడీకణాలు చనిపోతాయి, చనిపోయే నాడీకణాలే మైక్రోగ్లియాను మెదడులోకి రప్పిస్తాయి. అలాంటప్పుడు చుక్కల సంఖ్య మారితే అది జన్యువు ప్రభావమా, సూది ప్రభావమా అన్నది మరో రుజువు లేకుండా చెప్పలేం.

శాస్త్ర వార్తను కుదించక తప్పదని నాకు తెలుసు. ఇకపై ఇలాంటి వార్త ప్రచురించేటప్పుడు "ఇన్ని రోజుల చేపపిల్లల్లో, జన్యువును ఈ విధంగా ఆపి చేసిన ప్రయోగం" అన్న ఒక్క వాక్యం చేర్చవలసిందిగా మనవి. స్థలం చాలకపోతే శీర్షికలోంచి 'మందు' అన్న మాట తీసేయవచ్చు.

భవదీయుడు,
జీవశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు