కాలర్ కింద చీటీ ఎవరైనా చదువుతున్నారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల నా చేతుల్లోనే ఒక మంచి టాప్ చిరిగిపోయింది. కొని మూడు నెలలు కాలేదు, గట్టిగా నాలుగుసార్లు వేసుకున్నానో లేదో. నానబెట్టి, జాడించి, అలవాటు ప్రకారం రెండు చేతులతో మెలిపెట్టి పిండాను, భుజం దగ్గర పర్రుమంది. ఊడింది కుట్టు కాదు, కుట్టు పక్కన గుడ్డే వేలెడు మేర విచ్చుకుపోయింది. నాసిరకం అంటగట్టారని అమ్మినవాళ్లను తిట్టుకుంటూ, పారేసే ముందు ఎందుకో లోపల పక్క కుట్టులో ఉన్న తెల్ల చీటీ చూశాను. విస్కోస్ 100 శాతం. కింద నీళ్ల తొట్టి బొమ్మ, అందులో ఒక చెయ్యి, దాని పక్కన మెలితిప్పిన గుడ్డ బొమ్మ మీద ఇంటూ గుర్తు. అంటే చేత్తో ఉతుకు, మెలిపెట్టి పిండకు అని. బొమ్మేసి మరీ చెప్పారు, నేనే చూడలేదు.

విస్కోస్ (దాన్నే రేయాన్ అని కూడా అంటాం) తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుందట. నూలు అందుకు పూర్తిగా రివర్స్, తడిసినప్పుడే ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ఇన్నేళ్లూ నూలు బట్టలు బాది, పిండి అలవాటైన చేతులు కదా, అన్నిటికీ అదే ట్రీట్‌మెంట్ ఇచ్చేస్తున్నాం.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, మీ ఫ్యామిలీ పేజీలో ఏ రంగు మీద ఏ రంగు నప్పుతుందో చాలాసార్లు చదివాను గానీ, కొన్న బట్ట నాలుగేళ్లు ఎలా నిలబెట్టుకోవాలో చదివిన గుర్తు లేదు. ఒక్క అరపేజీ ఆ చీటీ గుర్తుల మీద వేయండి, తెలుగులో, బొమ్మలతో. పెద్ద విద్యేం కాదు. తొట్టిలో అంకె ఉంటే నీళ్ల వేడి అంతకు మించకూడదని, తొట్టి కింద గీత ఉంటే మెషీన్‌ని మెల్లిగా తిప్పమని. త్రిభుజం బ్లీచ్‌కి, చతురస్రం ఆరబెట్టడానికి, ఆ చతురస్రంలో గుండ్రం ఉంటే డ్రయ్యర్, ఉత్త గుండ్రం అయితే డ్రై క్లీనింగ్ లాంటి పనులకు. ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే సుమారు 110 డిగ్రీలు, రెండుంటే 150, మూడుంటే 200. నూలుకి పెట్టిన వేడే పాలిస్టర్‌కి పెట్టి, గుడ్డ ముడుచుకుపోయి పెట్టెకు అతుక్కున్నాక ఈ చుక్కల విలువ తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

ఇంకో మాట. బట్టలు వేసుకోవడం వల్ల అరుగుతాయి అనుకుంటాం గానీ, ఉతుకులో అరిగేది తక్కువేం కాదు. మెషీన్‌లో జాలీ తీసి చూడండి, తడి దూదిలా బూడిదరంగు ముద్ద వస్తుంది. అందులో చాలావరకు మన చొక్కాలూ తువ్వాళ్లే. లోదుస్తులు, సాక్సులు, చెమటతో తడిసినవి ఉతకాల్సిందే, చెమట పట్టిన బట్టను అలాగే వదిలేస్తే అదీ పాడవుతుంది. రెండు గంటలు వేసుకుని తీసిన జీన్స్‌ని కూడా బకెట్‌లో పడేసే అలవాటు మాత్రం మానుకోవచ్చు, కాసేపు గాలికి వేస్తే చాలు. ఉతికేటప్పుడు లోపలివైపు బయటికి తిప్పి, జిప్పులు వేసి పెడితే ఆ రాపిడి పైరంగు మీద పడదు.

పౌడర్ గుప్పెడు ఎక్కువ వేస్తే ఎక్కువ తెల్లబడతాయన్నది మా ఇంట్లో ఇప్పటికీ తెగని గొడవ. జాడించినా పోని సబ్బు గుడ్డలోనే మిగిలి తువ్వాలు అట్టలా అవుతుంది, అప్పుడు మెత్తబడాలని సాఫ్ట్‌నర్ పోస్తాం, అది దారాల మీద పూతలా పట్టుకుంటుంది, ఇక ఆ తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుంటే నీళ్లు అటూ ఇటూ జరుగుతాయే తప్ప పీల్చదు. పౌడర్ తగ్గించి చూడమన్నా ఎవరూ వినరు.

పట్టు, ఉన్ని సంగతి వేరు. మరకలు పోగొట్టడానికి చాలా డిటర్జెంట్లలో ఎంజైములు కలుపుతారు. రక్తం, చెమట లాంటి మాంసకృత్తుల మరకల్ని అవి విరగ్గొడతాయి. పట్టు, ఉన్ని కూడా మాంసకృత్తులే. మరకకీ బట్టకీ తేడా ఎంజైముకేం తెలుసు? అందుకే వాటికి వేరే మెత్తటి లిక్విడ్ వాడమంటారు. క్లోరిన్ బ్లీచ్ అయితే దగ్గరికి కూడా రానివ్వకూడదు. అన్నట్టు రక్తం మరకకి చన్నీళ్లే, వేడినీళ్లు పోస్తే అది గట్టిపడి అక్కడే ఉండిపోతుంది.

సాగే బట్టల్లో ఎలాస్టిక్ దారానికి వేడి పడదు, డ్రయ్యర్‌లో వేస్తే మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడతాయి. స్వెటర్‌ని తడిగా హ్యాంగర్‌కి తగిలిస్తే దాని బరువుకే భుజాలు సాగిపోతాయి, పరిచి ఆరబెట్టాలి. ఒకసారి వేసుకున్న ఉన్ని బట్టను ఉతక్కుండా బీరువాలో పెట్టి పురుగు కొట్టిందని బాధపడేవాళ్లు చాలామంది. పురుగుకు చెమటా మరకలూ ఉన్న చోటే ఇష్టం మరి.

చీటీ మెడకు గుచ్చుకుంటోందని కత్తిరించి పారేసేదాన్ని నేనూ. ఇప్పుడు కత్తిరించే ముందు ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకుంటున్నాను. మీ అరపేజీ వస్తే అదీ కత్తిరించి వాషింగ్ మెషీన్ మీద అంటిస్తాను. ఆ టాప్‌ని పారేయలేదు, కిటికీలు తుడిచే గుడ్డ అయింది. పిండేటప్పుడు మాత్రం మెలిపెట్టడం లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు